మిస్సింగు అనే ఊరు

చేయాల్సిన పనులు ఇవి.

దర్భలు తెప్పించాలి. పత్తి చేలో పీకిన కట్టె రెండు మోపులు, మంచు తగలకుండా, వసారాలో వేయించాలి. పర్చూరు వెళ్ళి పంతులుగారిని ఒప్పించాలి. వీధి తలుపుకు గడియ బిగించడానికి వడ్రంగిని పిలవాలి. పరుపులు కుట్టే మీరా హుస్సేన్ తాతను ఆ రోజు ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పాలి. గాజుల మాట, బొట్టు మాట ఎవరూ ఎత్తకుండా చూడాలి. అన్నిటికంటే ముందు, నాన్న నోటితో ఒక మాట అనిపించాలి.

ఇవన్నీ అఖిల నోట పర్చూరు పేరు రాకముందే అయిపోవాలి. పర్చూరు దాటితే ఇక మా ఊరే.

అఖిల నా తమ్ముడు కోటేష్ భార్య. నరసరావుపేట పిల్ల. నర్సు చదువు చదివి అక్కడే ఒక ఆసుపత్రిలో చేసేది. పెళ్ళై మా ఊరు వచ్చాక కూడా రోజూ బస్సెక్కి వెళ్ళి వచ్చేది. కోటేష్‌కు చిన్న లారీ ఉండేది. మాది మిరప, పత్తి పండించే ఇల్లే గానీ వాడికి మిరప ఘాటు పడదు. కల్లంలో కాలు పెడితే వాడి దగ్గు ఊరి చివరిదాకా వినపడేది.

"మిరప రైతు కొడుక్కి మిరపకాయ పడదంట వదినా. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో దాచారు," అని అఖిల నన్ను ఏడిపించేది.

"దాచింది మేం కాదు. ఆ రోజు ఉల్లిపాయ పకోడీలు పెట్టింది మీరు. మిరపకాయ బజ్జీలు పెట్టుంటే తెలిసిపోయేది," అనేదాన్ని.

అందుకే వాడు వ్యవసాయం నాన్నకు వదిలేసి లారీ కొనుక్కున్నాడు. పిడుగురాళ్ళ బట్టీల నుంచి సున్నం తోలేవాడు. పోయిన ఏడాది భాద్రపదంలో వానలు పట్టుకున్నప్పుడు, లోడుతో తిరిగి వస్తుంటే, వాగు చప్టా మీద నీళ్ళు లారీని ఈడ్చుకుపోయాయి. చూసినవాళ్ళందరూ ఒకటే చెప్పారు. బస్తాలు తెగి, కాల్చిన సున్నమంతా వాగులో పడి నీళ్ళు ఉడికాయట. వాన కురుస్తుండగానే వాగు మీద తెల్లటి పొగ లేచిందట. నీళ్ళు తీశాక లారీ దొరికింది. కోటేష్ దొరకలేదు.

నేనూ నాన్నా పోలీసు స్టేషనుకు వెళ్ళాం. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా ఇంట్లో పుట్టినవాళ్ళలో ఇంగ్లీషు చదువుకున్నదాన్ని నేనే. ఎక్కడికెళ్ళినా కాగితం చదవాల్సింది నేనే.

"ఇప్పుడే ఏమీ చెప్పలేమండి. ప్రస్తుతానికి మిస్సింగ్ కింద రాసుకున్నాం," అన్నాడు అక్కడి రైటరు.

అప్పటిదాకా బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న నాన్న లేచి నిలబడ్డాడు.

"మిస్సింగేనా?"

"అవునండి. మిస్సింగే."

"పోయాడని కాదుగా?"

"బాడీ లేకుండా అట్టా ఎట్టా రాస్తామండి?"

నాన్న ముఖంలోకి కళ తిరిగొచ్చింది. రైటరుకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అతను బిత్తరపోయి నా వైపు చూశాడు. బయటికి వచ్చాక నాన్న నా భుజం తట్టి, "చూశావా భవ్యా, మిస్సింగు పోయాడంట. ఫర్లేదు. వస్తాడు," అన్నాడు.



మిస్సింగు గురించి చెప్పాలి.

నాన్న వాళ్ళ తాత పేరు బుల్లయ్య. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, వానల్లేక చేలు బీడు పడితే, కూడూ గుడ్డా దొరుకుతాయని పటాలంలో చేరాడు. తోడుగా స్నేహితుడు బుడే కూడా చేరాడు. ఇద్దరినీ బర్మా పంపారు. ఇంటి దగ్గర బుల్లయ్య భార్య బసవమ్మ కడుపుతో ఉంది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. ఆమే మా తాతమ్మ. కొన్నాళ్ళకు తంతి వచ్చింది. ఊళ్ళో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగింది కరణం ఒక్కడే. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చివరికి చదివాడు.

"బుల్లయ్య... మిస్సింగు."

"అంటే ఏందండీ?" అని అడిగారు.

ఆయనకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. "ఊరి పేరు. బర్మా పక్కన," అన్నాడు.

అలా మా ముత్తాత మిస్సింగులో ఉన్నాడని ఊరు నమ్మింది. ఆ యుద్ధం ముగిసేలోగా మా ఊళ్ళో ఇంకొన్ని ఇళ్ళకూ, చుట్టుపక్కల ఊళ్ళకూ అదే మాటతో తంతులు వచ్చాయి. అంతమంది మనవాళ్ళు ఉన్నారంటే అదేదో పెద్ద ఊరే అయి ఉంటుందనుకున్నారు. బెజవాడ స్టేషనుకు పోయి మిస్సింగుకు టిక్కెట్టు అడిగి తిట్లు తిని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారట.

మిస్సింగు పోయినవాళ్ళ ఇళ్ళకు కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. వీధి తలుపుకు గడియ ఉండకూడదు. ఏ వేళ వస్తాడో తెలియదు కదా. పొలం పంచుకున్నా అతని వాటా చెక్క దున్ని కదిలించకూడదు, బీడుగానే ఉంచాలి. భార్య బొట్టు తీయకూడదు. దీపాలు పెట్టే వేళకు ఆమె గడపలో నిలబడి వీధి వైపు చూసి "ఎందాకా వచ్చావ్?" అని అడగాలి. నాన్న చిన్నతనంలో సందెవేళ మా వీధిలో ఈ చివర ఒకామె, ఆ చివర ఒకామె, ఎదుటింట్లో ఒకామె అలా ఖాళీ రోడ్డును అడుగుతూ ఉండేవాళ్ళట. అడిగి, కాస్త ఆగి, లోపలికి పోయేవాళ్ళట.

తర్వాత తర్వాత ఆ మాట యుద్ధాన్ని వదిలి ఊరికి అంటుకుంది. ఉప్పెనలో కొట్టుకుపోయిన కూలీలు, డ్యాము పనికి వెళ్ళి తిరిగి రానివాళ్ళు, ఇంట్లో పోట్లాడి రైలెక్కినవాళ్ళు, అందరూ మిస్సింగే పోయారు. శవం కళ్ళపడితే తప్ప మా ఊళ్ళో ఎవరూ చావలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఇంగ్లీషు టీచరు, మిస్సింగ్ అంటే కనపడకుండా పోవడం అని చెప్పింది. పరిగెత్తుకుంటూ వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన పశువుకు మేత వేస్తూ, "కనపడని ఊరే గదమ్మా అది," అన్నాడు.

తాతమ్మ నాకు బాగా గుర్తు. రూపాయంత కుంకుమబొట్టు, చేతుల నిండా గాజులు. రోజూ సందెవేళ గడపలో నిలబడి అడిగేది. చెవి కాస్త పక్కకు వంచేది. లోపలికి వచ్చి అన్నం కలుపుకుంటూ, పొరుగూరి బంధువు సంగతి చెప్పినట్టు చెప్పేది.

"ఇయ్యాళ తుని దాటాడు. కాళ్ళు బొబ్బలెక్కాయంట."

ఆయన బర్మా నుంచి నడిచి వస్తున్నాడు. నది అడ్డం వస్తే ఏళ్ళకేళ్ళు ఒడ్డునే ఆగిపోతాడు. గోదావరి దాటడానికి నా చిన్నతనం చాలా వరకు పట్టింది. చివరికి బెజవాడ వచ్చి కృష్ణ ఒడ్డున ఆగాడు.

"వంతెనుంది గదా తాతమ్మా?"

"వంతెన కింద ఉండేది నీళ్ళేగా."

ఆయన అక్కడ నిలబడి ఉండగానే ఇక్కడ తాతమ్మ పోయింది. పసుపు రాసి, పూలు పెట్టి, పుణ్యస్త్రీగానే సాగనంపాం. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సింది భార్యే.

గడియ మాత్రం అఖిల వచ్చేదాకా లేదు. "మీ ఊళ్ళో దొంగలు కూడా మర్యాదస్తులా వదినా? తలుపు తీసే ఉన్నా రారా?" అని నవ్వి, కోటేష్ వెంటపడి బిగించుకుంది. నాన్న చూసి ఊరుకున్నాడు.

స్టేషను నుంచి ఇంటికి వచ్చిన సాయంత్రం నాన్న స్క్రూడ్రైవరు తీసుకుని ఆ గడియ ఊడదీశాడు. మేకులు, స్క్రూలు గూట్లో జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత అఖిలకేసి, ఆమె నిలబడి అడగాల్సిన గడపకేసి చూశాడు. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు.

రోజూ అలాగే లేచేవాడు. దసరా పోయాక అఖిల నాకు ఫోను చేసి, "ఈ పూట అడిగేశాను వదినా, మామయ్య కోసం. రెండు ముద్దలు తిన్నాడు," అంది. మంచి పని చేశావన్నాను.

నేను చిలకలూరిపేటలో జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. శనివారాలు ఇంటికి వెళ్ళేదాన్ని. కార్తీకం చివర్లో ఒక శనివారం వెళ్ళేసరికి అఖిల గిన్నెలు తోముతోంది. పక్కన కూర్చుని కడుగుతున్నాను.

"తాడేపల్లి వచ్చాడంట వదినా," అంది.

"ఎవరు?"

"మీ తమ్ముడు."

"ఎవరు చెప్పారు?"

"అడిగితే చెప్పాడు." గిన్నె తోమడం ఆపలేదు. "మాట వినపడదు. కానీ తెలుస్తుంది."

"పిడుగురాళ్ళ నుంచి వచ్చేవాడు తాడేపల్లి ఎందుకు పోతాడే? అదెక్కడ, ఇదెక్కడ?"

"నేనూ అదే అడిగా. కృష్ణకు అవతల ఎవరో కుర్రోడు, ఈయన ఈడోడే, నీళ్ళకు భయపడి నిలబడిపోయాడంట. నీళ్ళ భయం తనకు తీరిపోయింది గదా, చెయ్యి పట్టుకుని దాటించాడంట. ఇప్పుడు ఇద్దరూ కలిసి వస్తన్నారు. ఆ అబ్బాయి కాళ్ళకు బట్ట పట్టీలు చుట్టుకుని ఉంటాడంట. ఒకటి మాటిమాటికీ ఊడుతుందంట. అది కట్టుకునేదాకా ఈయన ఆగుతున్నాడు. అందుకే ఆలస్యం."

కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాను. తాతమ్మ కథ కోటేష్ చెప్పే ఉంటాడు, కృష్ణ ఒడ్డు సంగతి అలా తెలిసి ఉంటుంది అనుకున్నాను. కానీ కాలిపట్టీ సంగతి నేనెప్పుడూ వినలేదు. తాతమ్మ నోట కూడా వినలేదు.

మంగళగిరి అంది. తర్వాత చాలా రోజులు గుంటూరు అంది. సందెవేళకు ఇంట్లో ఉండాలని ఆసుపత్రి మానేసింది. గడప పక్కన కాళ్ళు కడుక్కోవడానికి రెండు చెంబులతో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. చిక్కిపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ చెవి కాస్త పక్కకు వంచేది. తాతమ్మ వంచినట్టే. వాళ్ళమ్మ వచ్చి ఏడ్చి, ఆసుపత్రివాళ్ళు మార్చి దాకా చూస్తామన్నారు, రమ్మంది.

"ఇంత దూరం నడిచొచ్చాక ఇంట్లో నేను లేకపోతే ఎట్టా అమ్మా?" అంది అఖిల.

నాన్న ఆ మాటకు మురిసిపోయాడు. నాకు మాత్రం రూపాయంత బొట్టుతో, ఒంటరిగా, అరవై ఏళ్ళ తర్వాతి అఖిల గడపలో కనపడింది. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళు.

మర్నాడు మధ్యాహ్నం మీరా హుస్సేన్ తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన బుడే కొడుకు. బుడే ఒక్కడే ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చాడు. దుకాణం నిండా దూది రేగుతోంది. ఆయన గడ్డం మీద, కనుబొమల మీద కూడా దూదే. నడిమధ్యలో కూర్చుని పరుపు కుడుతున్నాడు.

"తాతా, మా బుల్లయ్య ముత్తాత కాళ్ళకు ఏమన్నా కట్టుకునేవాడా?"

సూది ఆగింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"అఖిల."

ఆయన లేచి దుకాణం తలుపు ఓరగా వేసి వచ్చాడు.

"జపానోళ్ళు తరుముతుంటే అడవిలో పడి వెనక్కి నడిచారంట. ఒక నది అడ్డమొచ్చింది. చీకటి. ఒకళ్ళ వెనక ఒకళ్ళు దిగుతున్నారు. పటాలంలో కాళ్ళకు చుట్టుకునే పట్టీలుండేవి, మీ ముత్తాతది ఒకటి ఊడింది. 'కట్టుకుని వస్తా, నువ్వు పోరా బుడే' అన్నాడు. మా నాయన అవతలి ఒడ్డెక్కి, 'ఎందాకా వచ్చావ్ రా' అని కేకేశాడు. 'వస్తన్నా' అన్నాడు. మళ్ళీ కేకేస్తే మళ్ళీ 'వస్తన్నా'. తెల్లారేదాకా అంతే. వెలుతురొచ్చాక చూస్తే ఒడ్డున లేడు, నీళ్ళలో లేడు. అన్నిసార్లు పలికిందెవరో మా నాయనకు తెలియలేదు."

"మా తాతమ్మకు చెప్పలేదా?"

"వచ్చిన రోజే చెప్పాడు. ఆమె ఏడవలేదంట. 'బుడే అన్నా, ఈ మాట ఇక్కడే ఉండనీ. బయటికొస్తే రేపు నా గాజులు పగలగొట్టి మూల కూర్చోబెడతారు. మిస్సింగంటే ఊరనుకుంటన్నారు గదా, అనుకోనీ. నేను రోజూ పిలుస్తా ఉంటా' అంది."

అంటే తాతమ్మకు తెలుసు. ఆ మాటకు అర్థం మా ఊళ్ళో నాకంటే ముందు ఆమెకు తెలుసు. కరణం చేసిన తప్పును పట్టుకుని తన బొట్టు తను కాపాడుకుంది. మిగతా ఇళ్ళవాళ్ళు ఆమెను చూసి నేర్చుకున్నారు.

"మరి దారిలో ఊళ్ళ పేర్లు చెప్పేది గదా తాతా? అవీ ఊరికేనా?"

ఆయన దూదిని చేత్తో నొక్కుతూ కూర్చున్నాడు.

"మొదట్లో ఊరికేనమ్మా, ఊరి కోసం. కొన్నేళ్ళు పోయాక ఒక రోజు వచ్చింది. నువ్వు నిలబడ్డావే, ఆ చోటే నిలబడి, 'అన్నా, పలికాడు' అంది. మా నాయన ఆ సాయంత్రమే మా ఇంటికి రెండు గడియలు పెట్టించాడు. పట్టీ సంగతి మా నాయన మీ తాతమ్మకూ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదు."

"వాళ్ళు ఇంటికి వస్తే ఏమవుతుంది తాతా?"

"నాకేం తెలుసు? ఇంతవరకూ ఎవరూ వచ్చింది లేదుగా," అన్నాడు. నేను వెళ్ళబోతుంటే, "ఆ పిల్లను మాత్రం ఎదురు పోనీకండమ్మా," అన్నాడు.

అప్పుడు మొదలయ్యాయి నేను పైన చెప్పిన పనులు. శవం దొరకనివాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారని విన్నాను. పర్చూరు పంతులుగారు బుల్లయ్య ముత్తాత విషయంలో వెంటనే ఒప్పుకున్నారు. కోటేష్ దగ్గర ఆగారు.

"ఇన్నేళ్ళు చూడాలని అంటారమ్మా. ఇంత తొందరగా చేయాలంటే కన్నతండ్రి నోటితో లేడు అనాలి. అది వినకుండా నేను దర్భ ముట్టుకోను."

నాన్నతో చెప్పాను. అరిచాను. కాళ్ళు పట్టుకున్నాను. ఆయన వేపపుల్ల నములుతూ వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాడు.

"మా తాతకు కొరివి పెట్టమంటే పెడతా. కోటిగాడికి ఎట్టా పెడతానే? గుంటూరు దాకా వచ్చినోడికి?"

"అఖిల బతుకు ఏం కావాలి నాన్నా?"

"దాని మొగుడు వస్తుంటే దాని బతుక్కేం?"

ఎదురింటి కోటేశ్వరి పిన్ని వీధిలో నిలబడే అంది. "తమ్ముణ్ణి చంపడానికి ఏందే నీకంత తొందర? రెండు ముక్కలు చదివితే సరా?"

ఆమె తప్పేమీ లేదు. వాడు నా చేతుల్లో పెరిగాడు. వాడు రాడు అని నేను ఎంతమందికి చెప్పినా, తలుపు చప్పుడైతే ముందు లేచేది నేనే.

మాఘంలో మిరపకాయ కల్లానికి చేరింది. నేను కాలేజీకి సెలవు పెట్టాను. అఖిల చిలకలూరిపేట అంది. ఆ పేరు విన్న రోజు అక్కడి నా హాస్టలు గది గుర్తొచ్చింది. వాళ్ళు మా కాలేజీ ముందు రోడ్డు మీదుగానే వచ్చి ఉంటారు.

దర్భలు వచ్చాయి. కట్టె వచ్చింది. నాన్న మాట రాలేదు.

ఆ సాయంత్రం నేనూ నాన్నా కల్లంలో ఉన్నాం. మంచు దిగకముందే కాయ మీద పట్టాలు కప్పాలి. ఎకరమంత మేర కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పొద్దు గూకడంతో ఆ ఎరుపు నల్లబడుతోంది. గాలి లేదు. కూలీలు వెళ్ళిపోయారు. అఖిల ఊరి వైపు నుంచి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. తల్లో పూలు పెట్టుకుంది.

"మామయ్యా, పర్చూరు దాటారు. కల్లం దారినే వస్తారంట."

నాన్న చేతిలోని పట్టా జారింది. ముగ్గురం నిలబడ్డాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అవతలి చివర్న, మసక చీకట్లో, చిటుకుమంది.

బాగా ఎండిన మిరపకాయ మీద అడుగు పడితే వచ్చే చప్పుడు అది. మా ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇంకో చప్పుడులా వినపడే వీలు లేదు. చిటచిటమంటూ దగ్గరికి వస్తోంది. రెండు జతల పాదాలు. కాయలు అణగడం కనపడుతోంది. అణిచేవాళ్ళు కనపడటం లేదు. కొంత దూరం వచ్చి ఆగింది. వంగి ఒక పట్టీ కట్టుకునేంతసేపు ఆగింది. మళ్ళీ చిటుకుమంది.

తొక్కిన కాయల ఘాటు గుప్పున లేచింది. నాకు దగ్గు తెర వచ్చింది. అఖిల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పుట్టినప్పటి నుంచి ఆ ఘాటులో బతికిన నాన్న కూడా దగ్గాడు. దగ్గుతూనే అఖిల ముందుకు అడుగు వేసింది. ఆమె మణికట్టు పట్టుకున్నాను. విడిపించుకోబోయింది. రెండు చేతులతో పట్టుకున్నాను.

నాన్న మా ముందుకు వచ్చాడు. తల ఎత్తి వింటున్నాడు. ఆయన వింటున్నది అడుగుల చప్పుడు కాదని నాకు కాసేపటికి తెలిసింది.

"కోటిగా," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి దగ్గు నాయనా."

చిటుకు, చిటుకు.

"నీకు పడదు గదరా ఈ ఘాటు. ఒక్కసారి దగ్గు. వచ్చింది నువ్వేనని పీట వేసి కూర్చోబెడతా. దగ్గు నాన్నా."

అడుగులు ఆగాయి. మాకు నాలుగు బారల దూరంలో కాయలు అణిగే ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్క దగ్గు రాలేదు. ఊపిరి పీల్చిన చప్పుడు కూడా రాలేదు. మేం ముగ్గురం మాత్రం కళ్ళ వెంట నీళ్ళు కారుతూ దగ్గుతూనే ఉన్నాం.

నాన్న ఆ చోటు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"లేడమ్మా," అన్నాడు. నాతో కాదు, అఖిలతో. "మనోడు లేడు. ఉంటే దగ్గేవాడు."

అఖిల అక్కడే, కాయల మీదే కూర్చుండిపోయింది. వాగులో లారీ దొరికిన రోజు నుంచి ఆ పిల్ల ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. అణిగిన కాయలు ఒక్కొక్కటే లేచి మామూలు అయ్యాయి. వెనక్కి పోయిన అడుగుల చప్పుడు మాత్రం వినలేదు.

మర్నాడు పొద్దున్నే పొలంలో, బుల్లయ్య వాటాగా మూడు తరాలు కదిలించని చెక్కలో, రెండు బొమ్మలను పక్కపక్కన పడుకోబెట్టారు పంతులుగారు. పత్తికట్టె పేర్చాం. మీరా హుస్సేన్ తాత వచ్చాడు. పెద్దాయన బొమ్మ దగ్గర గొంతుక్కూర్చుని, సంచిలోంచి పరుపు గుడ్డ పేలిక తీసి, దర్భ కాలికి కింద నుంచి పైదాకా చుట్టాడు. పరుపు కుట్టే దారంతో ముడి మీద ముడి వేశాడు. పళ్ళతో బిగించాడు.

"మా నాయన కట్టమన్నాడనుకో పెద్దయ్యా. ఇంక ఊడదు," అన్నాడు.

నాన్న మనవడిగా ఒకదానికి, తండ్రిగా ఒకదానికి కొరివి పెట్టాడు. పత్తికట్టె అంటుకుని చిటపటమంది. ఆ చప్పుడుకు అఖిల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికి వచ్చాక కోటేశ్వరి పిన్ని, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పసుపు నీళ్ళతో వాకిట్లో తయారుగా ఉన్నారు. "ఇంకేముంది, ఆ గాజులు..." అని పిన్ని ఎత్తుకుంది.

"పిన్నీ," అన్నాడు నాన్న. ఆమె నాన్న కంటే చిన్నదే. కోపమొస్తే ఆయన చిన్నవాళ్ళను కూడా పెద్ద వరస పెట్టి పిలుస్తాడు. "ఆ మాట ఎత్తేవాళ్ళు నా గడప తొక్కబాకండి. అది మా నాయనమ్మ కాలంలోనే పోవాల్సింది."

వాళ్ళు నీళ్ళు తులసి మొక్కకు పోసి వెళ్ళిపోయారు.

సందెవేళ వడ్రంగి గడియ బిగించి వెళ్ళాడు. స్క్రూలు గూట్లో ఉన్న పాతవే. అఖిల దీపం పెట్టి గడపలోకి వచ్చింది. వీధి వైపు చూసింది. పెదవులు కదిలాయి. నేనూ నాన్నా వెనక నిలబడ్డాం. ఆమెను పట్టుకోవాలని చెయ్యి లేచింది గానీ పట్టుకోలేదు. ఆ పని ఆమే చేయాలి.

ఆమె అడగలేదు. తలుపు వేసి గడియ పెట్టింది. చెంబులు రెండూ బోర్లించింది.

కాసేపటికి బయట వీధిలో ఎవరో ఇద్దరు నడిచి వెళ్ళారు. కుక్కలు మొరగలేదు. మా తలుపు దగ్గర అడుగులు తడబడలేదు, ఆగలేదు. పడమటి రోడ్డు వైపు సాగిపోయాయి. ఊరివాళ్ళే అయి ఉంటారు. నాన్న అన్నం కలుపుకుంటున్నాడు. అఖిల అన్నం పెడుతోంది. ముగ్గురిలో ఎవరం తల ఎత్తలేదు.

ఆ సోమవారం అఖిల నరసరావుపేట బస్సెక్కింది. చేతికి గాజులున్నాయి. ఇప్పుడు ఆదివారాలు మాత్రం వస్తుంది. నాన్నకు బీపీ చూసి, ఉప్పు తగ్గించమని పోట్లాడి పోతుంది. ఈ ఏడు ఆ చెక్కలో మిరప వేశాం.

ఈ కథ చదివిన మీలో ఎవరైనా పిడుగురాళ్ళ వైపు నుంచి వస్తూ, వానాకాలంలో, ఏదైనా వాగు చప్టా దాటాల్సి వస్తే, నీళ్ళు తగ్గేదాకా ఆగండి. ఆగినంతసేపు మా తమ్ముణ్ణి తలుచుకోండి. పేరు కోటేష్. మిరప ఘాటు పడేది కాదు. నీళ్ళకు భయపడే మనిషిని చెయ్యి పట్టుకుని దాటించాడు. తలుచుకోండి చాలు. ఎందాకా వచ్చావని మాత్రం అడగకండి.